దించిన కప్పుకు దిక్కెవరు?

అనంతపురం పల్లెల్లో మట్టి మిద్దె కూలిస్తే పారబోయడానికి ఏమీ మిగిలేది కాదు. ముందు దూలాలు, దంతెలు దిగేవి. గట్టిగా ఉన్నవి కొత్త ఇంటికో, అన్నదమ్ముల ఇంటికో, బేరం కుదిరితే పక్క ఊరికో పోయేవి. చెదలు పట్టినవి పొయ్యిలోకి పోయేవి. కప్పు మీది మన్ను, గోడల మన్ను బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. మనుషులు, గొడ్లు తరాలపాటు మసలిన చోటి మన్ను పాటిమన్ను. అది ఎరువుతో సమానమని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాళ్లు మళ్లీ గోడలోకే చేరేవి. ఒక తరం తలమీద నిలిచిన కప్పు కొద్ది రోజుల్లో ఆ ఊళ్లోనే కలిసిపోయేది.

అమెరికాలో ఇళ్ల మీదినుంచి ఏటా దించే తారు పలకలు, అంటే షింగిల్స్, కోటీ పది లక్షల టన్నులని చాలాకాలంగా చెలామణిలో ఉన్న అంచనా. తర్వాతి లెక్కలు ఆ అంకెను ఇంకా పైకే తీసుకెళ్లాయి. అందులో అధిక భాగం చెత్తగోతుల్లోకి పోతోంది. ఆ పలకల్ని మళ్లీ పనికి పెట్టాలని అక్కడ ముప్పై ఏళ్లకు పైగా ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు, రాష్ట్రాల రోడ్ల శాఖలు కుస్తీ పడుతున్నాయి.

ఆ గొడవ మనకెందుకు? అనంతపురం మెట్టలో తారు పలకల కప్పు వెతికినా దొరకదు. కానీ మట్టి మిద్దెలు పోయి, బోద కొట్టాలు పోయి, వాటి చోట సిమెంటు రేకులు వచ్చి రెండు తరాలైంది. ఇప్పుడు ఆ రేకులు దిగుతున్నాయి. దిగినవాటికి దారేది అన్న ప్రశ్న మనకూ వచ్చింది, కాకపోతే మనం దాన్ని ఇంకా ప్రశ్నగా అడగలేదు. నా మాట ముందే చెప్పేస్తాను. పాత కప్పు మళ్లీ పనికిరావాలంటే యంత్రం కన్నా ముందు కొనేవాడు కావాలి. ఆ కొనేవాడు బండి కిరాయి గిట్టేంత దగ్గర్లో ఉండాలి, ఒక్కడే ఉండకూడదు. ఆ వస్తువును పగలగొడితే పగలగొట్టినవాడికి హాని కలగకూడదు. షింగిల్ కథ కొనేవాడి దగ్గర తడబడింది. మన రేకు కథ మూడో షరతు దగ్గరే ఆగిపోతుంది.

షింగిల్ సంగతి ముందు చూద్దాం. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. వసంతంలో వడగళ్ల వాన పడ్డ వారానికి వీధి వీధంతా కప్పులు మార్చేవాళ్ల నిచ్చెనలే. బీమా కంపెనీ మనిషి వచ్చి గుంటలు లెక్కపెట్టి పోతాడు, రెండు రోజుల్లో పాత కప్పు లారీలో పడుతుంది. రెండు వేల చదరపు అడుగుల కప్పు ఒక్క పొర దించితే రెండు టన్నుల పైచిలుకు బరువు. అందులో తక్కువలో తక్కువ అర టన్ను దాకా తారు ఉంటుంది. మిగిలింది సున్నపురాతి పొడి, పైన ఎండకు అడ్డుగా అద్దిన రాతి రవ్వ, మధ్యలో గాజు పీచు జల్లెడ. పాత రకాల్లో గాజు పీచుకు బదులు కాగితపు గుజ్జు అట్ట ఉండేది. 1900ల మొదట్లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో హెన్రీ రేనాల్డ్స్ అనే కప్పుల కాంట్రాక్టర్ తారు పూసిన చుట్టల్ని పలకలుగా కోసి అమ్మడంతో మొదలైన వ్యాపారమిది. చవక, తేలిక, మేకు కొడితే అయిపోతుంది. పదిహేను నుంచి ముప్పై ఏళ్లు ఉంటుంది. దించేటప్పుడు ఏమవుతుందో కనిపెట్టినవాళ్లు ఆలోచించలేదు. మన మట్టి మిద్దె కట్టినవాళ్లు ఆలోచించి కట్టారని కూడా చెప్పలేం. వాళ్లకు దొరికిన సరుకే అలాంటిది.

అర టన్ను తారు గోతిలో పడిపోతుంటే రోడ్లు వేసేవాడి కళ్లు అటు పోకుండా ఎలా ఉంటాయి? రోడ్డుకు వాడే మిశ్రమంలో ఖరీదైనది తారే. కంకర అగ్గువ. మినెసోటా రాష్ట్రం 1990లో విల్లర్డ్ మంగర్ కాలిబాట మీద షింగిల్ పొడి కలిపిన మిశ్రమం వేసి చూసింది. మొదట ఫ్యాక్టరీల్లో మిగిలే కత్తిరింపు ముక్కలే వాడేవాళ్లు, అవి శుభ్రంగా ఉంటాయి కనుక. ఇళ్లమీద దించినవాటిలో మేకులు, చెక్కలు, ప్లాస్టిక్, ఒక్కోసారి ఆస్బెస్టాస్ కూడా. 1980ల దాకా కొన్ని రకాల కప్పు అట్టల్లో, జిగురుల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. పరీక్షల్లో బయటపడేది తక్కువే అయినా ప్రతి కుప్పనూ పరీక్ష చేయించాల్సిందే. అయస్కాంతంతో మేకులు లాగి, అర అంగుళం కన్నా చిన్న ముక్కలుగా నలిపి, వేడి మిశ్రమంలో బరువుకు ఐదు శాతం మించకుండా కలపడం అక్కడ స్థిరపడిన పద్ధతి.

అమెరికా జాతీయ ఆస్ఫాల్ట్ పేవ్‌మెంట్ సంఘం ఏటేటా చేసే సర్వేల్లో ఈ కథ ఎక్కడం దిగడం కనిపిస్తుంది. 2009లో రోడ్ల మిశ్రమాల్లోకి పోయిన పాత షింగిల్ సుమారు 7 లక్షల టన్నులు. 2014కి అది దాదాపు 20 లక్షల టన్నులకు చేరింది. 2019 నాటికి మళ్లీ 10 లక్షల లోపుకు పడిపోయింది. ఎందుకు పడింది? ఒకటి, 2014 చివర్లో ముడిచమురు ధర కూలింది. కొత్త తారు అగ్గువైనప్పుడు పాత పలకను నలిపే ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు? రెండోది ఇంజినీర్ల భయం. ఇది ధరకన్నా లోతైనది.

కప్పుకు వాడే తారు, రోడ్డుకు వాడే తారు ఒకటి కావు. ఎండలో కారిపోకుండా ఉండడానికి కప్పు తారులోకి వేడిగాలి ఊది దాన్ని బిరుసెక్కిస్తారు. మన దేశంలో రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 తారు మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 47 డిగ్రీలుండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. కప్పు తారుకు అది 90 డిగ్రీలకు అటూ ఇటూ, ఒక్కోసారి ఇంకా పైన. ఆ మీదట ఇరవై ఏళ్ల ఎండ దాన్ని ఇంకా బిరుసు చేస్తుంది. కాబట్టి మిశ్రమంలో వేసిన షింగిల్ తారంతా కరిగి కంకరను పట్టుకోదు. అమెరికా రాష్ట్రాల రోడ్ల అధికారుల సంఘం ఆష్టో కూడా లెక్కల్లో 70 నుంచి 85 శాతమే పనికొస్తుందని పట్టుకోమంది. కరగనిది నల్లటి రాతిగింజలాగా మిగిలిపోతుంది. కరిగినది రోడ్డును బిరుసు చేస్తుంది. సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు పోయే చలికాలంలో బిరుసు రోడ్డు పగుళ్లిస్తుంది. పగిలిన రోడ్డుకు ఓటరు తిట్టేది రోడ్ల శాఖనే గానీ షింగిల్ నలిపినవాణ్ని కాదు. అలా ఒక్కో రాష్ట్రం చెయ్యి వెనక్కి తీసుకుంది. కొనేవాడు ఒక్కడే కావడం వల్ల నలిపేవాళ్ల యార్డుల్లో కుప్పలు మిగిలాయి.

ఇక్కడ నన్ను ఆపేది ఒక తిరకాసు. మినెసోటాలో దోషమైన ఆ బిరుసుతనం అనంతపురంలో గుణం కావచ్చు. మనకు రోడ్డు చలికి పగలదు. ఏప్రిల్, మే నెలల్లో నల్లటి రోడ్డు మీద అరవై డిగ్రీలు దాటిన వేడికి మెత్తబడి, లారీల చక్రాల కింద గాడులు పడుతుంది. జాతీయ రహదారి 44 మీద గుత్తి నుంచి హిందూపురం అడ్డరోడ్డు దాకా ప్రయాణించేవాళ్లకు ఎడమ లేన్ సంగతి తెలిసిందే. బిరుసు తారు ఆ గాడుల్ని తగ్గించగలదు. అలసటకు వచ్చే పగుళ్ల లెక్క వేరుగా చూసుకోవాలి, అయినా వాతావరణం మనకు అనుకూలమే. లేనిది సరుకు. రిసార్టుల మీదా, వారాంతపు ఇళ్ల మీదా అక్కడక్కడా వేసిన అలంకారపు పలకలు దించితే వచ్చేది ఎంత? బెంగళూరు, హైదరాబాదుల్లో అపార్టుమెంట్ల మేడల మీద చుట్టలు పరిచి మంటతో అతికే తారు పొరలు మాత్రం ఏటా పెరుగుతున్నాయి. మన షింగిల్ అంటే అదే. పదేళ్లకో పదిహేనేళ్లకో అవి లేస్తాయి. బెల్జియంలో డెర్బిగమ్ అనే సంస్థ అలాంటి పాత పొరల్ని వెనక్కి తీసుకుని కరిగించి కొత్త పొరల్లో కలుపుతోంది. మన నగరాల్లో లేపిన పొర ఏ ఖాళీ స్థలంలో కాలుతుందో పొగ చూసి పోల్చుకోవచ్చు. అమెరికాలోనూ జీఏఎఫ్ కంపెనీ పాత పలకల నుంచి కొత్త పలక తయారు చేసినట్టు 2022లో ప్రకటించింది. పలక పలకగానే మారడం వినడానికి ముచ్చటగా ఉంది. టన్నుల్లో చూస్తే ఇంకా మొదలే.

మన దగ్గర తారుకు సంబంధించి అసలైన పాత సరుకు రోడ్డే. పొర మీద పొర వేసుకుంటూ పోవడం మనకు అలవాటు. పల్లె వీధిలో రోడ్డు పెరిగి, ఇళ్ల గడపలు దానికన్నా కిందికి దిగి, వానొస్తే నీళ్లు ఇంట్లోకి వచ్చే ఊళ్లు ఎన్నో. పాత పొరను చెక్కి తీసి, వేడిచేసి, కొత్త తారు కాస్త కలిపి మళ్లీ పరచడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120 పేరుతో పద్ధతి రాసిపెట్టింది. హైవేల మీద చెక్కే యంత్రాలు కనిపిస్తున్నాయి. పంచాయతీ రోడ్డుకు ఆ యంత్రం రాదు. వచ్చినా చెక్కిన పొడి పక్క పొలం గట్టుకో, ఎవరి వాకిటి గుంతకో పోతుంది. దేశం ఏటా వాడే తారు 80, 90 లక్షల టన్నుల మధ్య. అందులో సగానికి దగ్గరగా దిగుమతే. మధురై త్యాగరాజర్ కాలేజీ ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ పారేసిన ప్లాస్టిక్‌ను తారులో కలపడం చూపించినా, నాగపూర్ దగ్గర ఇదే 44వ రహదారి మీద 2024 డిసెంబరులో పంటవ్యర్థాల లిగ్నిన్ కలిపిన తారుతో ఒక ముక్క వేసినా, వెనకున్న లెక్క ఆ దిగుమతి బిల్లే. ఇంత కొరత ఉన్నచోట చెక్కిన పాత రోడ్డును పారబోయడం నాకు దుబారా అనే అనిపిస్తుంది.

తారు మన కప్పుల మీదికి మరో దారిలో ఎక్కింది. రోడ్డు పనికి వచ్చిన తారు డబ్బాలు ఖాళీ అయ్యాక నిలువునా చీల్చి, సుత్తితో సాపు చేస్తే రేకు అవుతుంది. రోడ్డు కూలీల గుడిసెలకు గోడా కప్పూ ఆ నల్లరేకే. అంటుకున్న తారు పొర దాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. ఎండాకాలం లోపల కూర్చోలేం. తారు ట్యాంకర్లలో రావడం ఎక్కువయ్యాక డబ్బాలు తగ్గాయి. ఏ ప్రమాణమూ, ఏ పథకమూ లేకుండా సాగిన ఆ మరువాడకం గురించి ఎవరూ వ్యాసం రాయలేదు.

కప్పు కప్పుగానే మారడంలో మన దగ్గరున్న మంచి ఉదాహరణ పెంకు. కేరళలో పనిచేసిన వాస్తుశిల్పి లారీ బేకర్ పాత మంగళూరు పెంకుల్ని, మన వైపు కొందరు బెంగళూరు పెంకులనే వాటిని, కాంక్రీటు స్లాబు మధ్యలో పూరకంగా పెట్టే పద్ధతికి పేరు తెచ్చాడు. స్లాబులో దిగువ సగం కాంక్రీటు బరువు మోయదు. ఆ చోట పెంకు పెడితే సిమెంటు, ఇనుము ఆదా అవుతాయి, కింద గది కాస్త చల్లగా ఉంటుంది. పాడైన పెంకు కూడా పనికొస్తుంది. దీనికి యంత్రం అక్కర్లేదు, తెలిసిన మేస్త్రీ ఉంటే చాలు. ఆ మేస్త్రీలే మన జిల్లాల్లో తక్కువ.

ఇక రాయి. తాడిపత్రి వైపు నాపరాయి, హిందూపురం మడకశిర వైపు నల్లరాతి బండలు ఇళ్ల మీద కప్పుగా ఇప్పటికీ ఉన్నాయి. బండ కప్పు దింపితే బండ బండలాగే దిగుతుంది. మళ్లీ కప్పుకో, కాకపోతే అరుగుకో, జాలాడికో, పశువుల తొట్టి పక్కకో పోతుంది. లేపాక్షి వీరభద్రాలయం పదహారో శతాబ్దపు కట్టడం. రాతి బండల కప్పే ఇంకా నిలిచి ఉంది, మధ్యమధ్య సందుల్లో పూత మార్చుకుంటే చాలు. రాతికి ఇబ్బంది కప్పు దించినప్పుడు రాదు. బండ తయారైనప్పుడే వస్తుంది. తాడిపత్రి పాలిష్ మిల్లుల్లో కోత నుంచి వచ్చే నీళ్ల పొడి ఆరి, తెల్లబూడిద దిబ్బలుగా రోడ్ల పక్కన పడి ఉంటుంది. గాలి లేచిన రోజున ఊరంతా అదే. ఆ పొడి సున్నపురాయి. షింగిల్‌లో తారుతో పాటు ఉండేది అదేనని పైన చెప్పాను కదా. అమెరికా ఫ్యాక్టరీ రాయిని ప్రత్యేకంగా నలిపి కొనుక్కునే పూరకం మన దగ్గర కాలికి అడ్డంపడి ఉంది. రోడ్ల మిశ్రమంలో నూకకన్నా సన్నటి పొడి కొంత తప్పనిసరి, అది సున్నపురాతి పొడి అయితే తారుకు బాగా అంటుతుంది. రాజస్థాన్‌లో పాలరాయి, కోటారాయి బురదతో రోడ్లకూ ఇటుకలకూ పరిశోధనలు చాలా జరిగాయి. తాడిపత్రి బురదకు రోడ్డు కాంట్రాక్టరు అనే కొనేవాడు అరవై కిలోమీటర్ల లోపలే ఉన్నాడు. అతన్ని కొనేటట్టు చేసేది టెండరు పత్రంలో ఒక్క వాక్యం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఓపిక ఉంటే సర్దుకునేవే. రేకు అలాంటిది కాదు, కాబట్టి దాని దగ్గర కాసేపు కూర్చోవాలి.

సిమెంటు రేకు తెలుగు నేల సరుకు అంటే అతిశయోక్తి కాదు. 1946లో పుట్టిన హైదరాబాద్ ఇండస్ట్రీస్ చార్మినార్ పేరుతో దాన్ని దేశమంతా అమ్మింది. ఆ తర్వాత 1981లో విశాక ఇండస్ట్రీస్ వచ్చింది. పక్క కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రేకుకు పట్టునిచ్చే తెల్ల ఆస్బెస్టాస్ పీచు, అంటే క్రైసోటైల్, తవ్విన గనులు ఉండేవి. ఇప్పుడు దేశంలో తవ్వకాలకు కొత్త లీజులు ఇవ్వరు. రష్యా వంటి దేశాల నుంచి ఏటా లక్షల టన్నులు దిగుమతి చేసుకుంటారు. తవ్వితే ప్రమాదమని ఆపేసిన వస్తువును ఓడల్లో తెప్పించుకోవడం ఏ తర్కమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. రేకులో ఆ పీచు పదో వంతుకు లోపే. మిగిలింది సిమెంటు, థర్మల్ కేంద్రాల బూడిద.

అనంతపురంలో రేకు గెలవడానికి కారణాలు కళ్లముందున్నవే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వానపడే నేల మీద చౌడు మిద్దె దివ్యంగా నడిచింది. సోడియం ఎక్కువున్న చౌడు మన్ను తడిస్తే రేణువులు విడిపోయి సందులన్నీ మూసుకుంటాయి. చేను పాడుచేసే ఆ గుణమే కప్పును కాపాడింది. కానీ ఏటా వానల ముందు మనిషి ఎక్కి కొత్త చౌడు పరచాలి, గడ్డి పీకాలి, ఎలుక బొక్కలు పూడ్చాలి. వరుస కరువుల్లో వేరుశనగ దెబ్బతిని ఇంటిల్లిపాదీ బెంగళూరుకు వలసపోతే మిద్దె ఎక్కేదెవరు? రెండేళ్లు పట్టించుకోకపోతే దూలం తడిసి కూలుతుంది. రేకు వేస్తే తాళం వేసుకుని పోవచ్చు. బోద కొట్టానికి నిప్పు భయం, రేకుకు అదీ లేదు. రేకును తిట్టేవాళ్లు ఈ సంగతి ముందు ఒప్పుకోవాలి. మే నెల మధ్యాహ్నం రేకు కింద ఉడికిపోవడం ఎవరూ కోరుకుని చేసింది కాదు.

ఆస్బెస్టాస్ ఏ రకమైనా కాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సిమెంటులో బిగుసుకున్న పీచు బయటికి రాదని మన రేకుల పరిశ్రమ మాట. రెండో మాటలో సగం నిజముంది. కదపని, పగలని, కొత్త రేకు నుంచి రాలేది స్వల్పమే. అయితే రేకు నలభై ఏళ్లు ఎండకూ వానకూ నానిన తర్వాత పైపొర సిమెంటు కొట్టుకుపోయి పీచు తేలుతుంది. రంధ్రం వేసినప్పుడు, కోసినప్పుడు, సుత్తితో కొట్టినప్పుడు అది గాల్లోకి లేస్తుంది. అంటే పరిశ్రమ వాదన రేకు వేసి ఉన్నంతకాలం నిలుస్తుంది, దించే రోజున కూలిపోతుంది. మన చర్చంతా దించే రోజు గురించే.

దించిన రేకు ఇక్కడ ఏమవుతోంది? మట్టి మిద్దె నేర్పిన అలవాటే దానికీ వర్తిస్తోంది. మంచివి పాకకు, గొర్రెల దొడ్డికి. సగం విరిగినవి జాలాడి చుట్టూ మరుగుగా. ముక్కలు కాలువ మీద మూతగా, చెట్టు పాదు చుట్టూ కట్టగా. చిన్న ముక్కలు వాకిట్లో గుంతలో పోసి, పైన గులక పోసి, దాని మీద నడుస్తారు. పిల్లలు ఆ ముక్కతోనే నేలమీద గీతలు గీసి ఆడుకుంటారు. పారేయకూడదన్న పాత సంస్కారం మంచిదే. ఆ సంస్కారం సరిగ్గా దాన్ని ఆపాల్సిన వస్తువు దగ్గర కూడా ఆగలేదు. పేదవాడి పొదుపు అతని ఊపిరితిత్తుల మీద పడుతోంది. ఆ రోగం ఇరవై, నలభై ఏళ్లకు గానీ కనపడదు కనుక ఏ వైద్యుడూ దాన్ని గొర్రెల దొడ్డి రేకుతో కలిపి చూడడు.

చట్టం ఇక్కడికి చేరలేదు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలు, గనుల కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచాలని తీర్పిచ్చింది. 2011లో మొత్తం నిషేధించమన్న పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఫ్యాక్టరీ గేటు లోపలి కార్మికుడికి ఆ మేరకైనా రక్షణ వచ్చింది. కప్పు ఎక్కి పాత రేకు దించే దినకూలీకి రికార్డూ లేదు, రిజిస్టరూ లేదు. 2016 నాటి కట్టడాల వ్యర్థాల నియమాల్లో పెద్ద ఉత్పత్తిదారు అంటే రోజుకు 20 టన్నులు, లేదా ప్రాజెక్టుకు నెలకు 300 టన్నులు దాటినవాడు. 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యేలా 2025లో తెచ్చిన కొత్త నియమాల్లో ఉత్పత్తిదారు బాధ్యత 20,000 చదరపు మీటర్లకు పైబడ్డ కట్టడాలకు. కళ్యాణదుర్గం పక్క ఊళ్లో పన్నెండు రేకుల ఇల్లు ఏ కొలబద్దకూ అందదు. ఆస్బెస్టాస్ వ్యర్థాల పారవేతకు 1986 నాటి భారతీయ ప్రమాణం ఒకటుంది. తడపాలి, సంచిలో కట్టాలి, గుర్తు వెయ్యాలి, పూడ్చాలి. తాగడానికే నీళ్లు ట్యాంకరులో వచ్చే ఊళ్లో రేకు తడపమంటే నవ్వొస్తుంది. అయినా ఒక రేకుకు ఒక చెంబెడు నీళ్లు చాలు. ఇక్కడ లోటు నీళ్లది కాదు, చెప్పేవాడిది.

మరి పాత రేకును కొత్త వస్తువుగా మార్చలేమా? మార్చొచ్చు. క్రైసోటైల్ పీచు 700, 800 డిగ్రీల దగ్గర తన రూపు పోగొట్టుకుని హాని లేని వేరే ఖనిజంగా మారుతుంది. ఫ్రాన్స్‌లో మోర్సెన్స్ దగ్గర ఇనర్టామ్ కర్మాగారం ప్లాస్మా మంటతో ఆస్బెస్టాస్‌ను గాజులా కరిగిస్తుంది. ఖర్చు మాత్రం విపరీతం. సిమెంటు బట్టీ లోపల 1,450 డిగ్రీలు ఉంటుంది. పాత రేకును బట్టీలో వేసి సిమెంటులోనే కలిపేయడం మీద ఐరోపాలో పరిశోధన నడిచింది. షింగిల్ కూడా బట్టీలోకి పోగలదు: తారు ఇంధనమవుతుంది, సున్నపురాయి, ఇసుక, గాజు ముడిసరుకవుతాయి. తాడిపత్రి చుట్టూ అల్ట్రాటెక్, పెన్నా బట్టీలు ఉన్నాయి. కాగితం మీద లెక్క భలేగా కుదురుతుంది. బట్టీలోకి పోవాలంటే ముందు రేకును నలపాలి. మూసిన గదిలో, గాలి పీల్చి వడగట్టే యంత్రాల మధ్య నలపగలిగితే సరే. అది లేకుండా మన క్రషర్లలో నలిపితే, పూడ్చిపెట్టడం కన్నా వెయ్యి రెట్లు అన్యాయం. అందుకే పాత రేకు విషయంలో మరువాడకం అనే మాటను నేను అనుమానంగానే చూస్తాను. దాన్ని ముందు ముక్కలు కాకుండా దించాలి, ఒక చోట చేర్చాలి. బట్టీ సంగతి ఆ తర్వాత.

అలా చేస్తున్న దేశాలున్నాయి. పోలండ్ 2032 నాటికి దేశంలోని ఆస్బెస్టాస్ అంతా తీసేయాలని 2009లో కార్యక్రమం పెట్టుకుంది. అనుకున్నంత వేగంగా సాగడం లేదు, కానీ కొట్టాల కప్పుల లెక్క కూడా పట్టికలోకి ఎక్కుతోంది. దక్షిణ కొరియాలో 1970ల గ్రామోద్ధరణ ఉద్యమంలో గడ్డి కప్పుల మీద ప్రభుత్వమే సిమెంటు రేకులు వేయించింది. 2009లో ఆస్బెస్టాస్‌ను నిషేధించి, 2011 నుంచి పల్లె ఇళ్ల రేకులు దించే ఖర్చులో పెద్ద వంతు ప్రభుత్వమే భరిస్తోంది. మనకు దగ్గరి కథ కొరియాదే. అక్కడా పేద రైతు తన ఇష్టంతో ఎంచుకున్న సరుకు కాదది.

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ప్రభుత్వ గృహ పథకాల కిందా, సొంత డబ్బుతోనూ రేకుల ఇళ్లు దించి కాంక్రీటు స్లాబు వేసుకుంటున్నారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) లాంటి స్వచ్ఛంద సంస్థలు దశాబ్దాలుగా కట్టిన పక్కా ఇళ్లూ ఆ మార్పులో భాగమే. ఒక్కో బిల్లులో పునాదికి ఇంత, గోడకు ఇంత, స్లాబుకు ఇంత అని దశలు ఉంటాయి. పాత రేకు దించడానికి ఒక దశ చేర్చడం పెద్ద పని కాదు. పది అడుగుల రేకు నలభై కిలోల చుట్టూ ఉంటుంది. ఇంటికి ఇరవై రేకులనుకున్నా టన్ను దాటదు, ఒక ట్రాక్టర్ ట్రాలీ. మేకులు కొట్టకుండా బోల్టు విప్పి, తడిపి, పూర్తి రేకుగా కిందికి అందించే పనికి ఇద్దరు కూలీల దినం, రెండు మంచి మాస్కులు, మండలానికి ఒక కంచె వేసిన చోటు కావాలి. పాత క్వారీ గుంతలకు ఈ జిల్లాల్లో కొదవ లేదు. నీళ్లు నిలవని గుంత చూసుకుని, అడుగున మందపాటి షీటు పరిస్తే సరి. చేరిన రేకులు అక్కడ కుదురుగా ఉంటే, రేపు తాడిపత్రి బట్టీకి మూసిన క్రషరు వచ్చిన రోజున వాటిని తీసుకోవచ్చు.

రేకు అమ్మిన కంపెనీ పాత్ర కూడా ఇక్కడే మొదలవ్వాలి. టైర్లకు, బ్యాటరీలకు, ప్లాస్టిక్ కవర్లకు తయారీదారుడి బాధ్యత అంటూ నియమాలు వచ్చాయి. ఆస్బెస్టాస్ లేని రేకులు కూడా ఇప్పుడు అవే కంపెనీలు చేసి అమ్ముతున్నాయి. పాత రేకు వెనక్కి తీసుకోమని డీలరును అడిగే హక్కు కొత్త రేకు కొనేవాడికి ఉండాలి. హార్డ్‌వేర్ దుకాణం నుంచి కొత్త రేకులు తెచ్చిన ట్రాక్టరు వెనక్కి వెళ్లేది ఖాళీగానే. ఆ ఖాళీ ట్రాలీ కిరాయి ఎవరు భరించాలన్నది తేలితే చాలా మట్టుకు పని నడుస్తుంది. అది కంపెనీ మీద పడాలని నా వాదన. దించే ఇంటివాడి మీద వేస్తే ఆ రేకు మళ్లీ గొర్రెల దొడ్డికే చేరుతుంది.